కథ అడగకుండా మొదలైన చికిత్స: సూడాన్ నుంచి ఒంటరిగా ఇంగ్లండ్ చేరిన ఒక కుర్రాడి కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లోని ఒక నగరంలో, కన్నవాళ్ళ దగ్గర కాకుండా ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లల మానసిక ఆరోగ్యం చూసే టీమ్‌లో నేను క్లినికల్ సైకాలజిస్టుని. యుద్ధం నుంచి ఒంటరిగా పారిపోయి వచ్చిన పిల్లలు మా దగ్గరికి చాలామందే వస్తారు. వాళ్ళలో ఒకరి కేసు ఇది. అతని అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను, పేరు వాడటం లేదు. సైకాలజీ, సోషల్ వర్క్ చదివే తెలుగు విద్యార్థులకు ఈ పని లోపల ఎలా ఉంటుందో తెలియాలని కాస్త వివరంగానే రాస్తున్నాను.

రిఫరల్

2024 శరదృతువులో సోషల్ వర్కర్ పంపిన ఫారంలో నాలుగు విషయాలు ఉన్నాయి. కోపం ఎక్కువ. క్లాసు మధ్యలో లేచి వెళ్ళిపోతాడు. రాత్రిళ్ళు నిద్రపోడు. చెప్పింది గుర్తుండటం లేదు, నేర్చుకునే శక్తిలో ఏదైనా లోపం ఉందేమో చూడగలరు. కోపానికి ఉదాహరణగా ఒక సంఘటన రాశారు: తోటి విద్యార్థి సరదాగా తన మఫ్లర్ తీసి ఇతని తలకు చుట్టబోతే గట్టిగా తోసేశాడు, ఆ పిల్లాడు బల్లకు కొట్టుకుని పడ్డాడు.

వయసు 16. పుట్టిన తేదీ 2008 జనవరి 1. ఆ జనవరి 1 చూడగానే ఈ రంగంలో ఉన్నవాళ్ళకు సంగతి తెలిసిపోతుంది. పుట్టినరోజు ఎవరూ రాసిపెట్టుకోని చోటు నుంచి వచ్చిన పిల్లలకు ఫారంలో ఖాళీ ఉండకూడదని వేసే తేదీ అది.

ఫారం కంటే ఫోస్టర్ తల్లి, అంటే ప్రభుత్వం తరఫున అతన్ని తన ఇంట్లో పెట్టుకుని చూసే ఆవిడ, చెప్పినవి నాకు ఎక్కువ పనికొచ్చాయి. అరవైకి దగ్గర పడిన మనిషి, ఎంతోమంది పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూసిన అనుభవం ఉంది. "మంచం మీద పడుకోడండీ. తలుపు పక్కన నేల మీద, బూట్లు విప్పకుండా పడుకుంటాడు. లైటు ఆర్పనివ్వడు. చలికోటు కొనుక్కోమని డబ్బిస్తే కొనుక్కోలేదు, ఆ డబ్బేమైందో చెప్పడు" అంది. కోపం గురించి అడిగితే, తన ఇంట్లో అతను గొంతు పెంచి మాట్లాడింది కూడా ఎప్పుడూ చూడలేదంది.

వచ్చిన దారి

అతనిది సూడాన్‌లోని పశ్చిమ డార్ఫుర్, ఎల్ జెనీనా పట్టణం. అరబ్బేతర తెగల్లో ఒకటైన మసాలిత్ తెగ. యుద్ధానికి ముందు అంతా ప్రశాంతంగా ఉండేదనుకుంటే పొరపాటు. 2003లో మొదలైన డార్ఫుర్ హింసలో ఊరు పోగొట్టుకున్న కుటుంబం అది. అతను పుట్టింది, పెరిగింది జెనీనా పక్కనున్న క్రిండింగ్ నిర్వాసితుల శిబిరంలో. ఆ శిబిరం మీద 2021 జనవరిలో పెద్ద దాడి జరిగింది. తర్వాత కుటుంబం ఊళ్ళో ఒక పాత ప్రభుత్వ భవనంలో తలదాచుకుంది.

2023 ఏప్రిల్ 15న రాజధాని ఖార్టూమ్‌లో సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలటరీ దళానికీ యుద్ధం మొదలైంది. ఆ నెలాఖరుకే జెనీనా అంటుకుంది. అక్కడ ఆర్‌ఎస్‌ఎఫ్, దానితో కలిసిన అరబ్ సాయుధ ముఠాలు మసాలిత్ వాళ్ళని వెతికి మరీ చంపాయి. జూన్ 14న రాష్ట్ర గవర్నర్‌ను చంపాక జనం వేల సంఖ్యలో పడమరకు, పక్క దేశమైన చాద్ సరిహద్దులోని ఆద్రే పట్టణం వైపు నడిచారు. దూరం దాదాపు 30 కిలోమీటర్లు. దారి పొడవునా చెక్‌పోస్టులు. మగవాళ్ళనీ, ఎదిగిన మగపిల్లల్నీ పక్కకు లాగి కాల్చారు. ఆ ఏడాది జెనీనాలో 10,000 నుంచి 15,000 మంది చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం అంచనా వేసింది. అతని అన్న ఆ దారిలోనే పోయాడు. తల్లి, చెల్లెలు, అతను ఆద్రే చేరారు.

అక్కడి నుంచి పని వెతుక్కుంటూ లిబియా. అక్కడ కొన్నాళ్ళు పనిచేశాడు, కొన్నాళ్ళు బందీగా ఉన్నాడు. సముద్రం దాటి ఇటలీ, తర్వాత ఫ్రాన్స్‌లో కలే, చిన్న రబ్బరు పడవలో ఇంగ్లండ్‌లోని కెంట్ తీరం. ఒంటరిగా వచ్చిన పిల్లల్ని కెంట్ ఒక్కటే మోయలేదు కాబట్టి దేశమంతటా స్థానిక ప్రభుత్వాలకు పంచే పద్ధతి ఉంది. అలా మా నగరానికి వచ్చాడు.

ఏ భాషలో మాట్లాడాలి

మొదటి సమావేశానికి ఫోన్‌లో అరబిక్ ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు, సూడాన్ మనిషి కాదు. అడిగిన ప్రతిదానికీ "బాగున్నాను" అన్నాడు. తర్వాతసారి ఏజెన్సీ ఖార్టూమ్ ప్రాంతపు మనిషిని పంపింది. మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. కుర్రాడు మాత్రం నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు, గంటలో నాలుగు మాటలు కూడా రాలేదు.

చెక్‌పోస్టు దగ్గర "నీది ఏ తెగ?" అని అడిగింది అరబిక్‌లోనే. మాటతీరు బట్టే మనిషి చావు బతుకులు తేలిన చోటు అది. పైగా సూడాన్ మనిషంటే ఎవరి బంధువో, విన్నది ఎవరి చెవిన వేస్తాడో అన్న భయం ఒకటి. అందుకే ఇంటర్‌ప్రెటర్ దేశం, భాష చూసుకుంటే సరిపోదు, ప్రాంతం, తెగ కూడా పిల్లల్నే అడగాలని మా టీమ్‌లో నియమం పెట్టుకున్నాం. మసాలిత్ భాష తెలిసిన ఇంటర్‌ప్రెటర్లు ఈ దేశంలో అరుదు. ఒకరిద్దరు దొరికినా, వాళ్ళకు తన కుటుంబం తెలిసే అవకాశం ఉందని అతనే వద్దన్నాడు. చివరికి ఒక పెద్దాయనతో కుదిరింది. డార్ఫుర్ మనిషే, తెగ వేరు. మాట్లాడేది అరబిక్కే, కానీ అటువైపు యాసలో. వెతకడానికి వారాలు పట్టింది. ఆ వారాలు వృథా అని నేననుకోను.

అప్పటికే ఎన్నిసార్లు చెప్పాడు

మా దగ్గరికి వచ్చేసరికి అతను తన కథ చాలామందికి చెప్పి ఉన్నాడు. తీరం చేరగానే అధికారులకు, వయసు నిర్ధారించే సోషల్ వర్కర్లకు, ఆరోగ్య పరీక్ష చేసిన డాక్టరుకు, లాయరుకు. లాయరు దాన్ని స్టేట్‌మెంట్‌గా రాశారు. శరణార్థిగా ఈ దేశంలో ఉండనివ్వమని అడిగే ఆశ్రయం కేసులో అసలు ఇంటర్వ్యూ ఇంకా ముందుంది. వీటిలో చాలా చోట్ల వినేవాళ్ళు ఒక కన్ను తేదీల మీద, ఒక కన్ను పొంతన లేని మాటల మీద పెట్టి వింటారు. వాళ్ళ ఉద్యోగమే అది. కానీ పిల్లాడికి ఒక పాఠం ఒంటబడుతుంది: నా కథ అంటే పరీక్ష, తేడా వస్తే తిప్పి పంపేస్తారు.

అలాంటి పిల్లాణ్ణి కూర్చోబెట్టి, మృదువైన గొంతుతోనైనా, "ఏం జరిగిందో చెప్పు" అంటే అది అతనికి ఇంకో ఇంటర్వ్యూ. ఇదే ఈ కేసులో నా పనికి పునాది. యుద్ధంలో ఏం జరిగిందో నేను అడగనని మొదట్లోనే చెప్పేశాను. "నీ కేసు నిర్ణయించేది నేను కాదు. ఇక్కడ నువ్వు చెప్పేదాన్ని ఎవరూ స్టేట్‌మెంట్ పక్కన పెట్టి చూడరు అని మాట ఇవ్వలేను, ఎందుకంటే కోర్టు అడిగితే నా నోట్సు ఇవ్వాల్సి రావచ్చు. అందుకని ముందు నీ నిద్ర సంగతి చూద్దాం" అన్నాను. గోప్యత హద్దుల్ని ఇంత మోటుగా చెప్పడం చాలామంది సహోద్యోగులకు నచ్చదు. కానీ అధికారుల మధ్య నలిగిన పిల్లలు తియ్యటి మాటల కంటే కచ్చితమైన మాటనే నమ్ముతారు.

అంచనా కోసం క్రైస్-8 వాడాను. ఎనిమిది ప్రశ్నల చిన్న స్కేలు, యుద్ధ ప్రాంతాల పిల్లలతో ఎక్కువగా వాడతారు. 17 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మిగిలే మానసిక గాయం, అనుమానించాలి. అతనికి 29 వచ్చింది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన గురించి సూటిగా అడిగాను. తీసుకోవాలని లేదు గానీ పొద్దున లేవకపోతే బాగుండని అనిపిస్తుందన్నాడు. ఫోస్టర్ తల్లి, సోషల్ వర్కర్లతో కలిసి సేఫ్టీ ప్లాన్ రాసుకున్నాం.

రాత్రి

ఎడారిలో లారీలు రాత్రిపూట కదిలేవి. కలేలో పడవలు తెల్లవారుజామున బయలుదేరేవి. ఏడాదికి పైగా అతని ఒంటికి రాత్రంటే మెలకువగా ఉండాల్సిన సమయం. కునుకు పట్టినవాళ్ళ బూట్లు పోయేవి, డబ్బు పోయేది, కొందరికి పడవే తప్పిపోయేది. ఇంగ్లండ్ చేరాక ఆ అలవాటు దానంతటదే పోదు. నేల మీద, బూట్లతో, తలుపు పక్కన పడుకోవడాన్ని నేను రోగలక్షణంగా రాయలేదు. నిన్నటిదాకా అతన్ని కాపాడింది ఆ పద్ధతే.

అందుకని దాన్ని మాన్పించే ప్రయత్నంతో మొదలుపెట్టలేదు. ఫోస్టర్ తల్లి మంచాన్ని తలుపు కనపడే గోడ వైపుకు జరిపింది. గదికి లోపలి నుంచి వేసుకునే గడియ పెట్టించడానికి సోషల్ వర్కర్ అనుమతి కావాల్సి వచ్చింది. అత్యవసరమైతే బయట నుంచి తీయగలిగే రకం దొరికాక ఒప్పుకున్నారు. ఇంటి తాళంచెవి ఒకటి అతనికిచ్చారు. నిద్రపోయే వేళ గురించి అసలు మాట్లాడలేదు, లేచే వేళ ఒక్కటే ఖాయం చేశాం. ఏ వేళకు పడుకున్నా పొద్దున ఏడింటికి లేచి, వెలుతురులో ఫోస్టర్ తండ్రితో కలిసి కుక్కను తిప్పుకు రావాలి. కుక్కంటే మొదట్లో దూరంగా ఉండేవాడు, నమాజుకు ముందు శుభ్రత ఇబ్బంది ఒకటి. గొలుసు పట్టుకోవడం వరకూ సరేనన్నాడు.

పీడకలలకు ఒక పద్ధతి ఉంది. మెలకువగా ఉన్నప్పుడు కల ముగింపును మనకు కావాల్సినట్టు మార్చుకుని, పడుకునే ముందు మనసులో రిహార్సల్ చేయడం. అతని కలలో పడవ మునుగుతుంది. మార్చిన కలలో పడవను ఒడ్డుకు లాగేసి నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. ముగింపు నేను సూచించలేదు, అతనే కట్టుకున్నాడు.

అక్టోబర్ చివర దీపావళి నుంచి నవంబర్ 5 బాన్‌ఫైర్ నైట్ దాకా ఇక్కడ టపాసులు ఆగవు. యుద్ధం చూసిన పిల్లలకు ఏడాదిలో అతి కష్టమైన రోజులు అవి. ముందుగానే పగటిపూట వీడియోలు చూపించి, ఏ తేదీల్లో, ఏ వేళకు, ఎందుకు పేలుస్తారో చెప్పాం. అయినా ఒళ్ళు వణికింది, చెవులు మూసుకుని స్నానాల గదిలో కూర్చున్నాడు. కానీ ఇంట్లోంచి పారిపోలేదు. తర్వాతి వారం "శబ్దం ఎప్పుడు ఆగుతుందో ముందే తెలియడం బాగుంది" అన్నాడు. డిసెంబరుకల్లా బూట్లు విప్పి పడుకోవడం మొదలైంది.

కాలేజీ, డబ్బు

కాలేజీలో అతనిది ఇంగ్లిష్ రానివాళ్ళ కోసం నడిపే ఈసాల్ కోర్సు. లోపం ఉందేమోనన్న అనుమానానికి నా జవాబు పొడి మాటల్లోనే ఇచ్చాను: రోజుకు రెండు మూడు గంటలు నిద్రపోయే మనిషికి కొత్త భాష పదాలు గుర్తుండవు, నిద్ర కుదిరాక పరీక్ష పెడదాం. చివరికి ఆ పరీక్ష అక్కర్లేకుండానే పోయింది. జెనీనా బజారులో నీళ్ళు అమ్మిన కుర్రాడు నోటి లెక్కల్లో క్లాసు మొత్తానికీ ముందున్నాడు. తలుపు కనిపించే సీటు, అడగకుండా బయటికెళ్ళి పది నిమిషాల్లో తిరిగి రావడానికి ఒక కార్డు ఇచ్చారు. తలుపు తన చేతిలో ఉందని తెలిశాక ఆ కార్డు వాడటం తగ్గించేశాడు.

కోటు డబ్బు సంగతి ఇంకా పెద్దది. తల్లి, చెల్లెలు ఇప్పుడు తూర్పు చాద్‌లో ఒక శరణార్థి శిబిరంలో ఉన్నారు. సిగ్నల్ దొరికినప్పుడు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వస్తుంది. రేషన్ తగ్గించారనో, చెల్లెలికి జ్వరమనో. వారం ఖర్చులకిచ్చే డబ్బులో ఒక్క పౌను ముట్టకుండా, మధ్యాహ్నం తిండి మానేసి మరీ పంపేవాడు. దాన్ని తప్పుపట్టి ఆపించాలని కొందరు అన్నారు. నేను గట్టిగా అడ్డుపడ్డాను. పదహారేళ్ళకే ఇంటి పెద్దకొడుకు బాధ్యత నెత్తిన పడ్డ పిల్లాడికి, తాను పూర్తిగా చేతకానివాడు కాలేదని చెప్పే ఆధారం ఆ డబ్బొక్కటే. సోషల్ వర్కర్ కూర్చుని అతనితో లెక్క వేసింది: ఇంత పంపు, ఇంత తిండికి, కోటు ఖర్చు విడిగా మేం చూస్తాం. ఆ లెక్కకు ఒప్పుకున్నాడు.

ఫోస్టర్ తల్లి యూట్యూబ్ చూసి అసీదా చేసింది. మన జొన్న సంకటి లాంటిది. మొదటిసారి ఉండలు కట్టింది. అతను లేచి, గరిటె తీసుకుని, ఎలా తిప్పాలో చూపించాడు. ఆ రోజు నుంచి శుక్రవారం వంట అతనిదే. ఆమెను ఖాల్తీ అని పిలవడం కూడా అప్పుడే మొదలైందని ఆమె ఫోన్ చేసి చెప్పింది. పిన్నీ అన్నట్టే. ఇలాంటివి మా రిపోర్టుల్లో ఏ గడిలోనూ పట్టవు, కానీ చికిత్స ఎటు పోతోందో నాకు చెప్పేవి ఇవే.

తాడు, పూలు, రాళ్ళు

2025 జనవరి 7న, ఆర్‌ఎస్‌ఎఫ్ సూడాన్‌లో జెనోసైడ్‌కు, అంటే జాతి నిర్మూలనకు, పాల్పడిందని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. అది ఫోన్‌లో చూసి వచ్చి, "ఆ లెక్కలో మా అన్న కూడా ఉంటాడా?" అని అడిగాడు. తనంతట తాను అన్న ప్రస్తావన తేవడం అదే మొదలు. నేను తొందరపడలేదు. లాయరుతో మాట్లాడాను. ఆశ్రయం ఇంటర్వ్యూ అయ్యేదాకా యుద్ధ జ్ఞాపకాల మీద పని మొదలుపెట్టకూడదని ఇద్దరం అనుకున్నాం. జ్ఞాపకం కదిలితే కొత్త వివరాలు బయటికి వస్తాయి, అవి స్టేట్‌మెంట్‌తో కలవకపోతే అతనికే నష్టం. ఈ జాగ్రత్త పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనపడదు.

ఇంటర్వ్యూ అయింది, వేసవిలో నిర్ణయం వచ్చింది. శరణార్థి హోదా, ఐదేళ్ళకు. అందరూ అభినందించారు. అతను మూడు వారాలు గదిలోంచి సరిగా బయటికి రాలేదు. ఈ దేశపు నిబంధనల్లో ఒంటరిగా వచ్చి శరణార్థి అయిన పిల్లలకు తల్లిదండ్రుల్ని పిలిపించుకునే హక్కు లేదు. లాయరు ముందే చెప్పారు, అతనికి తెలుసు. కానీ కాగితం చేతికొచ్చే దాకా ఎక్కడో ఆశ మిగిలే ఉంది. హోదా వచ్చాక పిల్లలు కుంగిపోవడం నేను మళ్ళీ మళ్ళీ చూశాను. అప్పటిదాకా ఒళ్ళంతా బిగబట్టుకుని ఉంటారు, గండం గడిచాకే దుఃఖానికి చోటు దొరుకుతుంది. సరిగ్గా అప్పుడే, కేసు అయిపోయిందని సాయాలన్నీ సడలుతాయి. మేం మాత్రం కలవడం పెంచాం.

అప్పుడు నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ మొదలుపెట్టాం. జర్మనీలోని కాన్‌స్టాన్జ్‌లో శరణార్థుల కోసం రూపుదిద్దిన పద్ధతి ఇది. నేల మీద ఒక తాడు పరుస్తారు, అది జీవితం. మంచి జ్ఞాపకానికి పువ్వు, భయంకరమైన దానికి రాయి. పుట్టినప్పటి నుంచి వరసగా పెట్టుకుంటూ వస్తారు. తర్వాతి సమావేశాల్లో ఒక్కో రాయి దగ్గరా ఆగి, నిదానంగా, ఆ క్షణంలో కన్ను ఏం చూసింది, ఒళ్ళు ఏమనుకుంది అన్నది చెప్పిస్తూ రాసుకుంటాం. రాసింది తిరిగి చదివి వినిపిస్తాం.

క్రిండింగ్ శిబిరం దగ్గర తాడు మీద అతను రాళ్ళతో పాటు పువ్వులు కూడా చాలా పెట్టాడు. వాదీ కాజా వాగు ఒడ్డున మామిడి తోటలు, అన్నతో కలిసి దొంగతనంగా కోసిన కాయలు, తప్పిపోయి దొరికిన మేక. ఏ స్టేట్‌మెంట్‌లోనూ ఇవి లేవు, ఎవరూ అడగలేదు కాబట్టి.

ఆద్రే దారి రాయి దగ్గర చాలా వారాలు ఆగాం. స్టేట్‌మెంట్‌లో అది ఒకే వాక్యం: చెక్‌పోస్టు దగ్గర మా అన్నను కాల్చేశారు. అందులో లేనిది ఇది. అక్కడి ఆడవాళ్ళు చీరలా ఒంటికి చుట్టుకునే గుడ్డను తోబ్ అంటారు. తల్లి తన తోబ్‌లో సగం అతనికి కప్పి, చెల్లెలి తలగుడ్డ చుట్టి, ఆడపిల్లలా నడిపించింది. అన్నకు అప్పటికే గడ్డం వచ్చింది, పొడుగు. దాచడానికి వీల్లేదు. అన్నను పక్కకు లాగినప్పుడు ఇతను గుడ్డ కింద తల వంచుకుని నడిచాడు.

క్లాసులో మఫ్లర్ సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

తాను మగవాడిలా నిలబడకుండా ఆడపిల్ల వేషంలో బతికి బయటపడ్డానన్న సిగ్గు అతన్ని చావు భయం కంటే ఎక్కువ తినేస్తోంది. అధికారులకు ఎందుకు చెప్పలేదంటే, అబద్ధమాడాలని కాదు, నోరు రాలేదు. నేను ఓదార్చే మాటలు చెప్పలేదు. అలాంటి చోట "నీ తప్పేం లేదు" అన్న మాట పిల్లల లోపలికి పోదు. ఆ నడకనే మళ్ళీ మళ్ళీ, ఇంకా నిదానంగా చెప్పించాను. మూడోసారో నాలుగోసారో, తలగుడ్డ ఎవరు కట్టారన్న దగ్గర ఆగాడు. అమ్మ చేతులు చెల్లెలితో ఉన్నాయి. ముడి వేసింది అన్న. "గట్టిగా బిగించాడు, చెవి నొప్పి పుట్టింది" అన్నాడు. ఇంటర్‌ప్రెటర్ పెద్దాయన అనువదించడానికి కాస్త సమయం తీసుకున్నాడు. కుర్రాడు ఏడ్చాడు, చాలాసేపు. తల వంచుకుని నడవడం అన్న అప్పగించిన పని అన్నది నేను చెప్పాల్సిన అవసరం రాలేదు, తర్వాతి వారం అతనే చెప్పాడు.

ఇప్పుడు ఎక్కడున్నాడు

థెరపీ ముగిసేసరికి క్రైస్-8 స్కోరు 14. 2025 అక్టోబర్ 26న ఆర్‌ఎస్‌ఎఫ్ డార్ఫుర్‌లోనే ఉన్న ఎల్ ఫాషెర్ నగరాన్ని పట్టుకుంది. చంపుతూ చంపేవాళ్ళే తీసిన వీడియోలు ఫోన్లలో తిరిగాయి. అదే వారం బయట టపాసులు. స్కోరు మళ్ళీ 20 దాటింది, తలుపు పక్కన నేల మీదకు మళ్ళీ చేరాడు. దీన్ని రోగం తిరగబెట్టడంగా నేను చూడలేదు. తన ప్రాంతంలో మనుషులు చచ్చిపోతుంటే నిద్ర పట్టకపోవడం మామూలు సంగతి. వీడియోలు చూడటం మానమని చెప్పకుండా, రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ వంటింట్లో పెట్టేలా, వార్తలు ఇంటర్‌ప్రెటర్ పెద్దాయన పరిచయం చేసిన డార్ఫుర్ కుర్రాళ్ళతో కలిసి వినేలా ఏర్పాటు చేసుకున్నాం. కొన్ని వారాలకు మంచం మీదకు వచ్చాడు.

2026 జనవరి 1న, కాగితాల ప్రకారం, అతనికి 18 నిండాయి. పిల్లల సేవల నుంచి బయటికి రావాల్సిన రోజు. ఫోస్టర్ కుటుంబం ఒప్పుకుంటే 21 ఏళ్ళ వరకూ అదే ఇంట్లో ఉండే స్టేయింగ్ పుట్ అనే ఏర్పాటు చట్టంలో ఉంది. వాళ్ళు ఒప్పుకున్నారు. 25 ఏళ్ళ వరకూ సాయపడే పర్సనల్ అడ్వైజర్ కుదిరింది. పెద్దల మానసిక ఆరోగ్య సేవలకు పంపాల్సిన అవసరం ప్రస్తుతానికి కనిపించలేదు, కానీ ఎలా సంప్రదించాలో అతనికీ ఫోస్టర్ తల్లికీ రాసిచ్చాం. కాలేజీలో ప్లంబింగ్ కోర్సుకు ఇంగ్లిష్ ఇంకో మెట్టు కావాలి, అది చదువుతున్నాడు. తల్లికి ఆశ్రయ నిబంధనల బయట ఏ దారైనా ఉందేమో లాయరు చూస్తున్నారు, నేను అందులో పెద్దగా ఆశ పెట్టుకోలేదు, అతనితో అదే చెప్పాను. రాసిన కథ ప్రతి ఒకటి అతని దగ్గరే ఉంది. తలగుడ్డ సంగతి అమ్మతో ఫోన్‌లో మాట్లాడాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు.